విలువ లేనప్పుడు ఏం రాయాలి? మా ల్యాబ్ నియమాల భాషలో '?' పెట్టాలా, 'ఉంటే' పెట్టాలా

మలక్‌పేట్ కోడర్ · శనివారం ఉదయం 9:40

అందరికీ నమస్కారం. ఒక చిన్న భాష తయారు చేస్తున్నాను. హైదరాబాద్‌లోనే ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు మేం సాఫ్ట్‌వేర్ చేసిపెడుతున్నాం. ఏ విలువ దాటితే రిపోర్టులో ఎర్రగా చూపాలి, పేషెంటుకు మెసేజ్ ఎప్పుడు వెళ్లాలి, డాక్టరుకు ఫోన్ ఎప్పుడు వెళ్లాలి లాంటి నియమాలు ఇన్నాళ్లూ మేమే కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసేవాళ్లం. ఇకపై ల్యాబ్ టెక్నీషియన్లే రాసుకునేలా పదాలన్నీ తెలుగులో పెట్టాను. పార్సర్ (రాసినదాన్ని చదివి విడమరిచే భాగం) నడుస్తోంది. ఒక్క దగ్గర ఆగిపోయాను: విలువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్న సంగతిని ఎలా రాయించాలి?

ఇంత పట్టుగా అడగడానికి కారణం ఉంది. పోయిన నెల ఒక పెద్దావిడ పొద్దున్నే పరీక్షకు వచ్చారు. ఇంట్లో టీ తాగి వచ్చారు కాబట్టి ఉపవాస చక్కెర చూడలేదు, భోజనం తర్వాతది మాత్రం చూశారు. టెక్నీషియన్ మొదటి గడి ఖాళీగా వదిలేసింది. అది సరైన పనే. మా కోడ్‌లో మాత్రం ఈ వరుస ఉంది:

`ఉపవాస_చక్కెర ?: 0`

విలువ లేకపోతే 0 తీసుకో అని దాని అర్థం. రాసింది నేనే. రిపోర్టులో 0 అచ్చయింది. 70 కన్నా తక్కువైతే అత్యవసర మెసేజ్ పంపాలన్న నియమం ఆ సున్నాను చూసి తన పని తాను చేసుకుపోయింది. రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ చూసిన వాళ్లబ్బాయి గాభరాపడి ఆమె నోట్లో పంచదార పోశాడు. భోజనం తర్వాత ఆమె చక్కెర 240. మర్నాడు ఆయన రిపోర్టు తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ఆ సున్నా మీద వేలు ఆనించి, "సున్నా ఉంటే మనిషి బతుకుతాడా?" అని అడిగాడు. ఆమెకు ఏమీ కాలేదు, బాగానే ఉన్నారు. ఆ సున్నా మాత్రం నా కళ్ల ముందు నుంచి పోవట్లేదు.

ఈసారి అలాంటి వరుస రాయడానికే వీల్లేని భాష కావాలి. మీరైతే ఏం చేస్తారు?

---

పాత జావా మనిషి · శనివారం 10:25

ముందు ఆమె క్షేమంగా ఉన్నందుకు సంతోషం.

ఈ గొడవకు మూలం చాలా పాతది. 1965లో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ ఆల్గాల్ డబ్ల్యూ భాషలో నల్ రిఫరెన్స్ (దేన్నీ చూపించని సూచిక) పెట్టారు. పెట్టడం తేలిక కాబట్టి పెట్టేశానని 2009లో లండన్‌లో ఒక ప్రసంగంలో ఆయనే ఒప్పుకున్నారు, అది తన వంద కోట్ల డాలర్ల తప్పు అన్నారు. ఆయన పెట్టిన దాంట్లో అసలు చిక్కు ఏమిటంటే, ప్రతి రిఫరెన్స్ టైపులోకీ (టైపు అంటే విలువ ఏ రకమో చెప్పేది) నల్ చొరబడుతుంది. 'మనిషి' అని టైపు రాసినా, అక్కడ మనిషి ఉన్నాడన్న హామీ లేదు.

జావా 8తో 2014లో ఆప్షనల్ వచ్చింది, విలువ ఉన్నా లేకున్నా దాన్ని చుట్టి ఇచ్చే డబ్బా లాంటిది. ప్రధానంగా మెథడ్ తిరిగిచ్చే విలువల కోసమని దాన్ని చేశారు. మా ఆఫీసులో దాన్ని ఫీల్డుల్లోనూ, పారామీటర్లలోనూ వాడేశారు. చివరికి ఆ ఆప్షనల్ వేరియబులే నల్‌గా వచ్చి క్రాష్ అయిన రోజు కూడా చూశాను. డబ్బా ఉందో లేదో తెలియదు, ఉంటే అందులో సరుకుందో లేదో తెలియదు.

కాబట్టి నా మాట ఒకటే. మామూలు 'సంఖ్య' అంటే కచ్చితంగా సంఖ్య ఉన్నట్టే. ఉండకపోవచ్చు అంటే వేరే టైపు. ఇది తర్వాత అతికించేది కాదు, మొదటి రోజే పెట్టాలి. సీషార్ప్‌ను చూడండి, విలువ టైపులకు '?' 2005లోనే ఇచ్చారు, రిఫరెన్సులకు 2019లో 8వ వెర్షన్ దాకా రాలేదు. అది కూడా హెచ్చరికల రూపంలోనే.

---

డార్ట్ బోర్డు · శనివారం 10:52

నేను ఫ్లట్టర్ పనిలో ఉంటాను, అంటే డార్ట్ భాషలో యాప్‌లు చేస్తాను. డార్ట్ 2.12తో 2021 మార్చిలో నల్ సేఫ్టీ (విలువ లేకపోయే వీలును ముందే పట్టుకునే ఏర్పాటు) వచ్చినప్పుడు మా యాప్ మొత్తం మార్చాం. మొదటి వారం తిట్టుకున్నాం, తర్వాత రాత్రిపూట ఫోన్లు రావడం తగ్గింది. `సంఖ్య?` అని రాస్తే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. `?.` (ఉంటేనే లోపలికి వెళ్లు), `??` (లేకపోతే ఇది తీసుకో) కూడా పెట్టేయండి అన్నా. అందరికీ అలవాటైన గుర్తులే కదా. కొత్తవి కనిపెట్టడం ఎందుకు?

---

టోకెన్ · శనివారం 11:30

అలవాటైన గుర్తులే, కానీ వాటి లోపలి నడక ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది. పార్సర్ రాసేవాళ్లకు ఇది తెలియాలి.

`పేషెంటు?.చిరునామా.పిన్‌కోడ్` తీసుకోండి. పేషెంటు లేకపోతే జావాస్క్రిప్ట్, సీషార్ప్, స్విఫ్ట్, డార్ట్‌లలో మొత్తం గొలుసు అక్కడే ఆగిపోతుంది, పిన్‌కోడ్ దాకా పోదు. కోట్లిన్‌లో అలా కాదు. `?.` ఆ ఒక్క మెట్టు వరకే. ఫలితం మళ్లీ ఉండకపోవచ్చు కాబట్టి తర్వాతి చుక్క దగ్గర కూడా `?.` రాయమంటుంది కంపైలర్ (కోడ్‌ను నడిపే ముందు సరిచూసి మార్చే ప్రోగ్రామ్). అందుకే కోట్లిన్ కోడ్‌లో ప్రశ్నార్థకాలు వరసగా బారులు తీరి ఉంటాయి. ఏది అసలు సందేహమో, ఏది ముందుదాని తోకో చదివేవాడికి తెలియదు.

ఇంకోటి, ప్రాధాన్య క్రమం. నేను స్వయంగా దెబ్బతిన్నది ఇక్కడే. సీషార్ప్‌లో బిల్లు లెక్క:

`మొత్తం + డెలివరీ ?? 0`

డెలివరీ లేకపోతే దానికి సున్నా వేస్తుందనుకున్నాను. కూడికకు ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి అది `(మొత్తం + డెలివరీ) ?? 0` అయింది. డెలివరీ లేదు, కాబట్టి కూడిక కూడా లేదు, కాబట్టి బిల్లు మొత్తం సున్నా. 1,840 రూపాయల సరుకు ఉచితంగా పోయింది.

జావాస్క్రిప్ట్ వాళ్లు ఒక మంచి పని చేశారు. `??`ను 'లేదా', 'మరియు' గుర్తులైన `||`తోగానీ `&&`తోగానీ కలిపి రాస్తే బ్రాకెట్లు లేకుండా ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. ఏది ముందో ఊహించే పని చదివేవాడి మీద వేయకూడదన్న ఆ పట్టుదల నాకు నచ్చింది. మీ భాషలో కూడిక, పోలికల పక్కన కూడా అలాగే అడ్డుకోండి.

`?` గుర్తును ఎంచుకుంటే లెక్సర్‌లో (రాతను టోకెన్లనే ముక్కలుగా విడగొట్టే భాగంలో) ఇంకో చిక్కు. జావాస్క్రిప్ట్‌లో మూడు ముక్కల షరతు (`షరతు ? ఇది : అది`) ముందే ఉంది కాబట్టి `జాబితా?[0]` అని రాయనివ్వలేకపోయారు, `జాబితా?.[0]` అని చుక్క పెట్టించారు. `స్థితి?.5:1` (స్థితి నిజమైతే .5, కాకపోతే 1) అని ఎవరైనా పాత కోడ్‌లో రాసి ఉంటే అది పాడవకూడదని, `?.` తర్వాత అంకె వస్తే దాన్ని కొత్త టోకెన్‌గా తీసుకోవద్దని స్పెసిఫికేషన్‌లోనే నియమం పెట్టారు. మీకు పాత కోడ్ బరువు లేదు కాబట్టి హాయి.

---

రాత్రి షిఫ్ట్ · శనివారం మధ్యాహ్నం 12:15

టోకెన్ గారి బిల్లు కథకు తిరగేసిన కథ నాది. జావాస్క్రిప్ట్‌లో `??` 2020 ప్రమాణంతో వచ్చింది. అంతకుముందు అందరం `||` వాడేవాళ్లం. దానికి సున్నా, ఖాళీ అక్షరాల వరుస కూడా 'లేనట్టే'. మా దగ్గర ఒక ఫీజుల పేజీలో `బాకీ || పూర్తి_ఫీజు` అని ఉండేది. పూర్తిగా కట్టేసినవాళ్ల బాకీ 0. సున్నాను లేనట్టు చూసి, వాళ్లందరికీ పూర్తి ఫీజు కట్టమని చూపించింది. ఒక తండ్రి రసీదులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఉప్పల్ నుంచి మెట్రోలో వచ్చాడు.

మీ దగ్గర లేనిది సున్నా అయింది, మా దగ్గర సున్నా లేనిది అయింది. రెండూ ఒకటే తప్పు.

---

పట్టికలు · శనివారం 1:05

డేటాబేస్ వైపు నుంచి ఒక మాట. 'లేని విలువతో ఏం చేసినా ఫలితం లేనిదే' అనే పద్ధతి కొందరికి ముచ్చటగా అనిపిస్తుంది, నియమాలు పొట్టిగా ఉంటాయి కదా. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ చేసేది అదే. నల్‌ను నల్‌తో పోల్చినా నిజం రాదు, 'తెలియదు' అని వస్తుంది. వడపోతలో 'తెలియదు' వచ్చిన వరుస బయటికి పోతుంది.

దాని అర్థం ఏమిటో మీ ల్యాబ్‌లోనే చూడండి. చక్కెర 70 కన్నా తక్కువ ఉన్నవాళ్ల జాబితా ఒకటి తీశారు, 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవాళ్ల జాబితా ఇంకోటి తీశారు. రెండూ కలిపితే పేషెంట్లందరూ రావాలి కదా? రారు. ఆ పెద్దావిడ రెండింటిలోనూ ఉండరు. ఎవరూ ఆమెకు ఫోన్ చేయరు, ఎవరికీ తప్పు కనపడదు. మీ సున్నా కనీసం కంటపడింది.

కాబట్టి `చక్కెర < 70` అనే పోలికను, చక్కెర ఉండకపోయే వీలుంటే, కంపైలర్ ఒప్పుకోకూడదు. నోరు మూసుకుని మింగకూడదు.

---

డార్ట్ బోర్డు · శనివారం 1:20

ఒప్పుకుంటాను. కానీ ప్రతిచోటా అడ్డుకుంటే టెక్నీషియన్లు విసుగెత్తి ఏదో ఒక డిఫాల్ట్ (విలువ లేనప్పుడు బదులుగా వాడేది) రాసి పడేస్తారు. ఎర్ర గీత పోవడానికి `!` (విలువ ఉందిలే, నమ్ము అని చెప్పే గుర్తు) కొట్టేవాళ్లను రోజూ చూస్తున్నాను. ఒత్తిడి పెట్టినచోట అబద్ధం పుడుతుంది.

---

నల్లకుంట పాఠాలు · శనివారం 2:40

డార్ట్ బోర్డు, మీ చివరి వాక్యం వంద పాళ్లు నిజం. మా నాన్నగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు లేదు, ఒక్క పేరే. ఒక ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి అంటే చుక్క పెట్టి పంపాం. ఇంకోదాంట్లో చుక్క తీసుకోకపోతే పేరునే రెండుసార్లు రాశాం. రెండు చోట్లా రెండు వేర్వేరు మనుషులయ్యారు. అమెరికా వీసాల్లో ఇలాంటివాళ్లకు పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని వేస్తారు, పేరు తెలియదని దాని అర్థం. పేరు తెలియకపోవడమేమిటి, ఇంటిపేరు లేదు, అంతే.

ఇక నా అసలు మాట. మలక్‌పేట్ కోడర్ గారూ, భాష తెలుగులో పెడుతున్నారు కదా, మరి గుర్తుల కోసం బయట ఎందుకు వెతుకుతున్నారు? నేను అమీర్‌పేటలో పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతాను. నల్ అంటే ఏమిటో అర్థం కానివాళ్లకు తెలుగులో ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టేచోట మనకు రెండు మాటలున్నాయి: కాదు, లేదు.

"ఇది చక్కెర కాదు" వేరు. "చక్కెర లేదు" వేరు. మొదటిది ఒక వాక్యం నిజమా అబద్ధమా అన్న సంగతి. రెండోది ఒక వస్తువు ఉందా లేదా అన్న సంగతి. మూడేళ్ల పిల్ల కూడా ఈ రెండూ తారుమారు చేయదు. ఇవి షరతుల్లోకి వస్తే జంటలుగా వస్తాయి: అయితే / కాకపోతే, ఉంటే / లేకపోతే.

నిజం అబద్ధాల షరతుకు మొదటి జంట, విలువ ఉందో లేదో చూడటానికి రెండో జంట పెట్టండి. `||`, `??` మధ్య రాత్రి షిఫ్ట్ గారు పడ్డ తికమక మీ భాషలో పుట్టే చోటే ఉండదు.

---

ఉప్పల్ రస్ట్ · శనివారం 3:10

ఇది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. రస్ట్‌లో విలువ ఉన్నప్పుడు మాత్రమే లోపలికి వెళ్లి, అక్కడ దానికి పేరు పెట్టుకునే పద్ధతి ఉంది. స్విఫ్ట్‌లోనూ ఉంది. `ఉంటే` సరిగ్గా అదే. ఒక్క జాగ్రత్త: `చక్కెర ఉంటే` లోపల 'చక్కెర' టైపు మామూలు 'సంఖ్య'గా మారిపోవాలి, మళ్లీ విప్పమనకూడదు. స్విఫ్ట్‌లో ఒకే పేరును రెండుసార్లు రాయించే బాధ 2022లో 5.7 వచ్చాకగానీ పోలేదు.

కోట్లిన్‌లో మారే ప్రాపర్టీకి ఇది కుదరదు. చూసిన క్షణానికీ వాడిన క్షణానికీ మధ్య వేరే థ్రెడ్ (పక్కనే నడుస్తున్న ఇంకో పని) దాన్ని మార్చేయొచ్చు కాబట్టి కంపైలర్ నమ్మదు. మీ నియమాల్లో విలువలు మారవు కదా? అయితే మీకు ఈ హామీ ఉచితంగా వస్తుంది.

ఖర్చు గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. రస్ట్‌లో రిఫరెన్స్‌ను ఆప్షన్‌లో (జావా ఆప్షనల్ లాంటి డబ్బాలో) చుట్టినా మెమరీలో సైజు పెరగదు.

---

పాత జావా మనిషి · శనివారం 3:45

నల్లకుంట గారూ, జంటలు బాగున్నాయి. కానీ మాట్లాడేటప్పుడు మనం రెండింటికీ 'లేకపోతే' అనేస్తాం కదా. "వర్షం పడితే క్యాబ్, లేకపోతే బస్సు." 'కాకపోతే' అంటే నాకైతే "అంతా బాగుంది, కాకపోతే కాస్త ఉప్పు ఎక్కువైంది" అన్నట్టు వినిపిస్తుంది. ఇక 'లేదా' సంగతి? అది అటో ఇటో అన్న మాట కూడా కదా.

---

నల్లకుంట పాఠాలు · శనివారం 4:05

నిజమే, వాడుకలో 'లేకపోతే' రెండు పనులూ చేస్తుంది. అందుకే అది `ఉంటే`కు తోడుగా తప్ప ఒంటరిగా రాకూడదని వ్యాకరణంలో కట్టేయాలి. `అయితే` కింద ఎవరైనా `లేకపోతే` రాస్తే పార్సర్ ఆపి, "ఇక్కడ 'కాకపోతే' రాయండి" అని చెప్పాలి. తప్పుకు సందేశం తెలుగులో ఉంటే చాలు, రెండోసారి ఎవరూ పొరబడరు.

`లేదా`ను రెండు షరతుల మధ్యకే ఉంచేయండి. డిఫాల్ట్ ఇవ్వడానికి మాత్రం వద్దు. `చక్కెర లేదా 0` అని రాయడం మరీ తేలిక. చదివితే వాక్యంలా సాఫీగా పోతుంది, అందుకే ప్రమాదం.

---

మలక్‌పేట్ కోడర్ · శనివారం రాత్రి 8:30

ఒక్కరోజులో ఇంత వస్తుందనుకోలేదు. సాయంత్రమంతా కూర్చుని వ్యాకరణం తిరగరాశాను. ఇలా వచ్చింది:

```
ఉపవాస_చక్కెర ఉంటే
    ఉపవాస_చక్కెర < 70 అయితే
        డాక్టరుకు_ఫోన్
లేకపోతే
    అచ్చు "పరీక్ష చేయలేదు"
```

`ఉంటే` బయట పోలిక రాస్తే ఎర్రర్. `!` లాంటి బలవంతపు తాళంచెవి లేదు. `లేకపోతే` రాయడం తప్పనిసరి. డార్ట్ బోర్డు గారి భయం నాకూ ఉంది, కాబట్టి `లేకపోతే` కింద `ఏమీ_చేయకు` అని రాయనిస్తున్నాను. అబద్ధపు సున్నా కన్నా అది నయం, ఎవరు ఎందుకు వదిలేశారో కోడ్‌లో కనపడుతుంది.

డిఫాల్ట్ సంగతి ఇంకా తేలలేదు. డెలివరీ చార్జీ లాంటివాటికి సున్నా న్యాయమే కదా?

---

టోకెన్ · శనివారం 9:10

న్యాయమే. తేడా ఎక్కడంటే, డెలివరీ లేదంటే చార్జీ నిజంగానే సున్నా. చక్కెర చూడలేదంటే చక్కెర సున్నా కాదు. ఈ తేడా టైపును చూస్తే తెలియదు, ఆ విలువను ప్రకటించినవాళ్లకే తెలుస్తుంది. కాబట్టి డిఫాల్ట్‌ను వాడేచోట రాయనివ్వకండి, ప్రకటించేచోట ఒక్కసారే రాయించండి: `డెలివరీ : సంఖ్య, లేనప్పుడు 0`. చక్కెర పక్కన అలా రాయబోయేవాడికి ఆ క్షణంలో చెయ్యి ఆగుతుంది.

---

ఉప్పల్ రస్ట్ · ఆదివారం ఉదయం 7:50

రాత్రంతా ఒకటే ఆలోచన. పోయినసారి రిపోర్టుతో పోల్చే నియమాలు వస్తాయి కదా? అప్పుడు 'లేదు' రెండు అంతస్తులవుతుంది. పేషెంటుకు పాత రిపోర్టే లేకపోవచ్చు. రిపోర్టు ఉండి, అందులో చక్కెర లేకపోవచ్చు. కోట్లిన్ మ్యాప్‌లో (పేరు ఇస్తే విలువ ఇచ్చే పట్టికలో) రెండింటికీ అడిగితే ఒకే నల్ వస్తుంది, అక్కడ రెండు ప్రశ్నార్థకాలు కలిసి ఒకటైపోతాయి. రస్ట్, స్విఫ్ట్‌లలో అవి విడివిడిగానే నిలబడతాయి. మీకు రెండోదే కావాలి. మొదటిసారి వచ్చినవాళ్లకూ, పోయినసారి టీ తాగి వచ్చినవాళ్లకూ ఒకే మాట అచ్చు వేయకూడదు.

---

పట్టికలు · ఆదివారం 9:15

దానికన్నా ముందు ఇంకో ప్రశ్న. అసలు ఎందుకు లేదు? చేయలేదా, నమూనా పాడైందా, ఫలితం ఇంకా రాలేదా? మూడింటికీ ఒకటే 'లేదు' పెడితే, రేపు వస్తుందన్న ఫలితానికి కూడా "పరీక్ష చేయలేదు" అని అచ్చు వేస్తారు. ఆప్షనల్ అనేది 'లేదు' అని మాత్రమే చెబుతుంది, కారణం మోయదు. కారణం కావాలంటే ఏయే వీలులున్నాయో పేర్లతో చెప్పే టైపు కావాలి. రస్ట్‌లో ఎనమ్, కోట్లిన్‌లో సీల్డ్ క్లాస్ చేసే పని అదే.

---

మలక్‌పేట్ కోడర్ · సోమవారం సాయంత్రం 6:20

ఈరోజు మధ్యాహ్నం ల్యాబ్‌కు వెళ్లి, ఆరోజు గడి ఖాళీగా వదిలిన టెక్నీషియన్‌కే కాగితం మీద ఆ ఐదు వరుసలూ చూపించాను. కంప్యూటర్ గురించి ఒక్క మాటా చెప్పలేదు. పైకి చదివింది, ఎక్కడా ఆగలేదు. చదివాక అడిగిన మొదటి ప్రశ్న: "సార్, ఒక్కోసారి రక్తం చాలదు. అప్పుడు కూడా 'చేయలేదు' అనే వస్తుందా? చేయలేదంటే పేషెంట్లు మా మీద అరుస్తారు." పట్టికలు గారు ఆదివారం అన్నది, ఆమె కౌంటర్ దగ్గర నిలబడి అనేసింది.

పెన్ను చేతికిచ్చి, మీరైతే ఎలా రాస్తారని అడిగాను. పాత స్లిప్పు వెనక ఇలా రాసింది:

```
ఉపవాస_చక్కెర లేకపోతే
    రక్తం చాలలేదు అయితే మళ్లీ రమ్మను
    టీ తాగి వచ్చారు అయితే రేపు రమ్మను
    ఇంకా రాలేదు అయితే ఆగమను
```

`ఉంటే` లేకుండా `లేకపోతే`తో మొదలుపెట్టింది కాబట్టి నా పార్సర్ దీన్ని మొదటి వరుసలోనే తిప్పికొడుతుంది. కారణాల పేర్లలో ఖాళీలున్నాయి, అవీ ఒప్పుకోదు. మార్చాల్సింది ఆమె రాత కాదు. `లేకపోతే` ముందు విలువ పేరు ఉంటే అది ఒంటరిగా నిలబడొచ్చని వ్యాకరణం సడలిస్తున్నాను. కారణాలను ల్యాబ్ వాళ్లే పేర్లు పెట్టి ప్రకటించుకుంటారు, ఏదైనా ఒక కారణం వదిలేస్తే కంపైలర్ అడుగుతుంది.

---

నల్లకుంట పాఠాలు · సోమవారం 7:05

`లేకపోతే` లోపల `అయితే`! నేను చెప్పిన రెండు జంటలనూ ఎవరూ నేర్పకుండానే సరిగ్గా వాడింది చూడండి. ఆ స్లిప్పు ఫొటో తీసి ఉంచండి.

---

టోకెన్ · సోమవారం 7:30

పేర్లలో ఖాళీలకు ఒక దారి ఉంది. కారణాలన్నీ ముందే ప్రకటిస్తారు కాబట్టి, `అయితే` వచ్చేదాకా ఉన్న పదాలన్నీ కలిపి ఆ పట్టికలో వెతకండి, దొరకకపోతే దగ్గరగా ఉన్న పేరు చూపించండి. వ్యాకరణం ఫైలు ఇక్కడ పెడితే ఈ రాత్రికి చూస్తాను.

---

మలక్‌పేట్ కోడర్ · సోమవారం 7:42

పెడుతున్నాను. కోట్లిన్‌లో ఉన్న పాత నియమాలు 61 ఉన్నాయి, వాటిలో `?: 0` ఎన్నిచోట్ల ఉందో ఇందాకే వెతికాను. తొమ్మిది. ఒక్కోటీ తీసుకెళ్లి, అక్కడ 'లేదు' అంటే ఏమిటో రేపు ఆమెనే అడుగుతాను.